64 మంది, 44 సీట్లు: కోవర్కింగ్ ఫ్లోర్‌కి మారేముందు ఏం చూసుకోవాలి?

మాదాపూర్ అడ్మిన్ (ప్రశ్న)

మా ఆఫీసు లీజు మార్చితో అయిపోతోంది. మేనేజ్‌మెంట్ కోవర్కింగ్ వైపు మొగ్గుతోంది. వివరాలు ఇవి.

మొత్తం 64 మంది. డెవలపర్లు 28, టెస్టర్లు 9, రోజంతా ఫోన్లో ఉండే కస్టమర్ సపోర్ట్ 14, సేల్స్ 6, ఫైనాన్స్, హెచ్‌ఆర్ కలిపి 7. సపోర్ట్ వాళ్ళు వారంలో ఐదు రోజులూ వస్తారు, తక్కినవాళ్ళు మూడు రోజులు. చూపించిన స్థలం 2,300 చదరపు అడుగులు, ఒక ఫ్లోర్‌లో మూలన, గాజు పార్టిషన్‌తో వేరు చేసి ఇస్తామంటున్నారు. 44 సీట్లు, లోపల నలుగురు పట్టే మీటింగ్ రూమ్ ఒకటి. పెద్ద మీటింగ్ రూములు, ప్యాంట్రీ, లాంజ్ మాత్రం ఫ్లోర్ మీద ఉన్న కంపెనీలన్నిటికీ ఉమ్మడి. ఎవరికీ ఫలానా సీటు అని ఉండదు, ఏ రోజుకారోజు బుక్ చేసుకోవాలి.

పైవాళ్ళ వాదన రెండు ముక్కలు: ఖర్చు తగ్గుతుంది, గోడలు లేకపోతే మనుషులు కలిసి పనిచేస్తారు. మొదటిది నేను లెక్క వేసుకోగలను. రెండోది నిజమేనా? మనుషుల మీద, పని మీద అసలు ప్రభావం ఏమిటి? సంతకం పెట్టేలోపు అక్కడికి వెళ్ళి చూసి తేల్చుకోగల విషయాలు ఏమున్నాయి?

గోడకవతల (జవాబు)

రెండో వాదన వినడానికి బాగుంటుంది, కొలిస్తే నిలబడలేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన ఈథన్ బెర్న్‌స్టైన్, స్టీఫెన్ టర్బన్‌తో కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఉంది. రెండు పెద్ద అమెరికన్ కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో ఉద్యోగుల మెడలో సెన్సర్ బ్యాడ్జీలు వేసి, ఓపెన్ ఆఫీసుకి మారకముందూ మారిన తర్వాతా కొలిచారు. ఎదురుబొదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం పడిపోయింది. ఆ మేరకు ఈమెయిళ్ళు, చాట్ పెరిగాయి. నలుగురి కళ్ళూ మీద ఉన్నప్పుడు మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తన గోడ తనే కట్టుకుంటాడు. పక్క సీటులో ఉన్నవాణ్ణి అడగాల్సిన మాట కూడా పదిమందికీ వినిపిస్తుందని చాట్‌లో రాస్తాడు.

అలాగని దూరం పెంచమనీ కాదు. ఎంఐటీలో థామస్ అలెన్ 1970ల్లో ఇంజినీర్ల మీద చేసిన కొలతల్లో, సీట్ల మధ్య 50 మీటర్లు దాటితే పని గురించిన మాటలు దాదాపు ఉండవని తేలింది. మీ స్థలం చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 15 మీటర్లు కూడా రాదు. కాబట్టి దూరం మీ సమస్య కాదు. మీ సమస్య శబ్దం, అందులోనూ మాట.

ఏసీ హోరు, కీబోర్డు చప్పుడు మనసు పట్టించుకోదు. అర్థమయ్యే మాటని మాత్రం వద్దన్నా వింటుంది, ఫోన్లో ఒకవైపే వినిపించే సంభాషణ అయితే మరీను. అందుకే ఓపెన్ ఆఫీసుల శబ్దానికి ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 3382-3 ఎంత గట్టిగా వినిపిస్తోందన్న దానితో ఆగదు, ఎంత దూరం దాకా మాటలు అర్థమవుతున్నాయో కొలుస్తుంది. దాన్ని పరధ్యాన దూరం అనుకోండి. 2012 నాటి ప్రమాణం ప్రకారం మంచి ఆఫీసులో అది 5 మీటర్లకు మించకూడదు, దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 7 డెసిబెల్స్ అయినా తగ్గాలి, 4 మీటర్ల దగ్గర 48 డెసిబెల్స్ దాటకూడదు.

శబ్దం కొలిచే మీటరు లేకపోయినా అంచనా దొరుకుతుంది. సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కాదు, ఉదయం 11 గంటలకి వెళ్ళండి. ఒకరు సీటులో కూర్చుని పేపరు మామూలు గొంతుతో చదవాలి. మీరు టేపు పట్టుకుని వెనక్కి నడవండి. గొంతు వినిపిస్తూనే ఉన్నా మాటలు సగమే అందే చోట ఆగి కొలవండి. 8, 10 మీటర్లు వచ్చిందంటే ఆ హాల్లో సపోర్ట్ వాళ్ళని, కోడ్ రాసేవాళ్ళని కలిపి కూర్చోబెట్టలేరు.

కారణం చాలాసార్లు తల మీదే ఉంటుంది. ఉత్త జిప్సం బోర్డు సీలింగ్ మాటని అద్దంలా తిప్పికొడుతుంది. మినరల్ ఫైబర్ టైల్స్ అయితే ఎన్‌ఆర్‌సీ (శబ్దాన్ని ఎంత మింగుతుందో చెప్పే అంకె) 0.85, 0.9 ఉన్నవి అడగండి, టైలు వెనక ముద్ర చూపించమనండి. కార్పెట్ వేశాం కదా అంటారు. కార్పెట్ అడుగుల చప్పుడు తగ్గిస్తుంది, మాటని పెద్దగా మింగదు. డెస్కుల మధ్య తెర నేల నుంచి కనీసం 1.2 మీటర్లు ఉండాలి. కూర్చున్న మనిషి నోటికంటే కిందుగా ఉన్న తెర ఫోటోలు అంటించుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇక గాజు పార్టిషన్. నిచ్చెన అడిగి, పార్టిషన్ పక్కన సీలింగ్ టైలు ఒకటి పైకెత్తి టార్చి వేసి చూడండి. తొంభై పాళ్ళు గాజు ఫ్రేము సీలింగ్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. పైన శ్లాబు దాకా రెండు మూడడుగుల ఖాళీ, అందులో డక్టులు, కేబుల్ ట్రేలు, ఆ ఖాళీలోంచి పక్క కంపెనీ సేల్స్ కాల్ మొత్తం మీ మీద పడుతుంది. మీ జీతాల చర్చ వాళ్ళ మీద పడుతుంది. గాజు ఎంత మందమని అడగడం కన్నా ముందు పైన మూశారా లేదా అని అడగండి. మూయడానికి రెండు పక్కలా రెండేసి 12.5 మి.మీ. జిప్సం బోర్డులు, మధ్యలో 50 మి.మీ. రాక్‌వూల్, కేబుల్ దూరిన ప్రతి కన్నం చుట్టూ సీలెంట్. తలుపు కింద సందుకి డ్రాప్ సీల్, అంటే తలుపు మూయగానే కిందికి దిగి సందు మూసే పట్టీ.

సపోర్ట్ 14 మందికీ ఇదే పద్ధతిలో శ్లాబు దాకా గోడ ఉన్న గది తప్పనిసరి. అది ఇవ్వలేమన్నారంటే ఆ స్థలం మీకు కాదు. తక్కిన 30 సీట్లకి ఒక్కరు పట్టే ఫోన్ బూత్‌లు కనీసం మూడు, లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నవి. ఫ్యాన్ లేని బూత్‌లో పావుగంట తర్వాత ఎవరూ ఉండలేరు, తలుపు తెరిచి మాట్లాడతారు, అప్పుడు అది బూత్ కాదు మైకు.

మాదాపూర్ అడ్మిన్

గది అడిగితే రేటు పెరుగుతుంది. అందరికీ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొనిస్తే సరిపోదా?

గోడకవతల

సరిపోదు. అవి బాగా తగ్గించేది విమానం, ఏసీ లాంటి ఒకే తీరు బొంగురు హోరుని. మనిషి మాట అంతకంటే పై శ్రుతుల్లో ఉంటుంది, అక్కడ వాటి పని అంతంతమాత్రం. హోరు పోయాక పక్కవాడి మాట ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది కూడా. అందుకే జనం దాని మీద పాటలు పెట్టుకుంటారు. అప్పుడు భుజం తట్టి పిలిస్తే తప్ప పలకరు. కలిసి పనిచేయడం కోసం గోడలు తీసి, చివరికి ఒక్కొక్కరికీ ఒక్కో గోడ కొనిచ్చినట్టు.

సీట్ల లెక్క (జవాబు)

44 అంకె ఎక్కడిదో పట్టుకోవచ్చు. సపోర్ట్ తీసేస్తే 50 మంది, మూడేసి రోజులు, అంటే వారానికి 150 హాజరీలు. ఐదుతో భాగిస్తే 30. దానికి 14 కలిపితే 44. ఎవరో సగటు తీసి సీట్లు కొనేస్తున్నారు. సగటుకి కొంటే రోజూ సరిగ్గా అంతమందే రావాలి.

ఎవరిష్టం వచ్చిన రోజు వాళ్ళొస్తే సగటు 30 చుట్టూ మూడున్నర అటూ ఇటూ ఊగుతుంది, దానికి రెట్టింపు జాగా వదలాలంటే 37. సపోర్ట్‌తో కలిపి 51. అదీ రోజులు యాదృచ్ఛికంగా ఎంచుకుంటే. మనుషులు అలా ఎంచుకోరు. సోమవారం, శుక్రవారం ఇంట్లో ఉండి మంగళ, బుధ, గురువారాలకి ఎగబడతారు. అందరూ ఆ మూడు రోజులే పట్టుకుంటే మీకు కావాల్సింది 64.

సీటు దొరకదన్న భయం మొదలైతే ఏమవుతుందో ఆర్టీసీ బస్సు ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు తెల్లారి ఎనిమిదింటికే ఒకడొచ్చి నలుగురికి బ్యాగులు, చార్జర్లు పెట్టి సీట్లు ఆపుతాడు. యాప్‌లో నెల రోజులకి ఒకేసారి బుక్ చేసి పెడతారు. స్క్రీన్ మీద ఫుల్, హాల్లో పది కుర్చీలు ఖాళీ. బుకింగ్ వారం ముందు మాత్రమే తెరుచుకోవాలి, పదిన్నరకల్లా డెస్క్ దగ్గర స్కాన్ చేయకపోతే సీటు విడుదలైపోవాలి. ఈ రెండు సెట్టింగులు ఆ ఆపరేటర్ యాప్‌లో ఉన్నాయో లేదో డెమోలో చూపించమనండి.

44తోనే సర్దాలంటే దారి ఇది. సపోర్ట్ 14 సీట్లు స్థిరం, వాటిని బుకింగ్‌లోంచి తీసేయండి. డెవలపర్లు, టెస్టర్లు కలిపి 37 మందిని 19, 18గా విడగొట్టి మొదటి సగం సోమ, మంగళ, బుధ, రెండో సగం బుధ, గురు, శుక్ర. సేల్స్, ఫైనాన్స్, హెచ్‌ఆర్ 13 మందివి బుధవారం కాక తక్కిన నాలుగు రోజుల్లో 39 హాజరీలు, రోజుకి పది. సోమ, మంగళ వారాల్లో 14+19+10, అంటే 43. గురు, శుక్ర వారాల్లో 42. బుధవారం 14+37, అంటే 51. ఆ ఒక్కరోజుకి ఏడు డే పాస్‌లో, శిక్షణ గదో ముందే ఒప్పందంలో రాయించుకోవాలి. ఏడాది పొడుగునా ఏడు సీట్లకి అద్దె కట్టేకన్నా అదే చౌక.

లాకర్లు మాత్రం 44 కాదు, 64. రోజూ కీబోర్డు, హెడ్‌సెట్, డబ్బా మోసుకుతిరగాలంటే మూడో వారానికి జనం ఇంట్లోనే ఉండిపోతారు.

డక్టు మేస్త్రీ (జవాబు)

పైన రాసినవాళ్ళు చెవులు, కుర్చీలు చూశారు. గాలి ఎవరూ అడగలేదు.

మనిషికి 52 చదరపు అడుగులంటే బాగా ఇరుకు. ఏసీ ఇంజినీర్ల అమెరికన్ సంఘం ఆష్రే పెట్టిన 62.1 ప్రమాణం ప్రకారం ఆఫీసుకి కావాల్సిన బయటి గాలి మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), చదరపు అడుగుకి 0.06. మీ లెక్కలో 44×5, అంటే 220, ప్లస్ 2,300×0.06, అంటే 138. మొత్తం 358 సీఎఫ్ఎం, తలకి ఎనిమిది చొప్పున. కాగితం మీద పాసే. కానీ కూర్చుని పనిచేసే మనిషి నిమిషానికి మూడు వందల మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. తలకి ఎనిమిది సీఎఫ్ఎం మీద అది పేరుకుని, బయట 430 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 430 పాళ్ళు) ఉంటే లోపల 1,700 దాకా పోతుంది. 1,050 దగ్గర ఆగాలంటే తలకి 17 కావాలి, మొత్తం 750 సీఎఫ్ఎం. మధ్యాహ్నం మూడింటికి అందరూ ఆవలిస్తుంటే బిర్యానీని తిట్టుకుంటాం గానీ, సగం పాపం గాలిది.

సీలింగ్‌లో కనిపించే క్యాసెట్ ఏసీలు ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతాయి, బయటి గాలి తేవు. ఫ్రెష్ ఎయిర్ యూనిట్ వేరే ఉండాలి. అది ఎక్కడుంది, మా జోన్‌కి ఎన్ని సీఎఫ్ఎం వస్తోంది, ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఈ మూడూ అడగండి. కరెంటు బిల్లు తగ్గించడానికి దాన్ని ఆపేసి పెట్టే చోట్లు తక్కువేం కాదు. కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు, ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో కొలిచే) సెన్సర్ ఉన్నది, ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. నిండుగా ఉన్న పక్క జోన్‌లో పదకొండున్నరకి, నాలుగింటికి చూడండి. మనిషి ఊపిరి తగలకుండా రెండు మీటర్ల దూరంలో, ఐదు నిమిషాలు. 1,200 దాటితే మాట్లాడాల్సిందే.

ఇది సుఖం కోసం చెప్పేది కాదు. డెన్మార్క్‌లో 2,400 మందిని చూసిన 2011 అధ్యయనంలో, ఒంటరి గదుల్లో కూర్చునేవాళ్ళ కన్నా ఆరుగురికి మించిన ఓపెన్ ఆఫీసుల్లోవాళ్ళు తీసుకున్న జబ్బు సెలవులు 62 శాతం ఎక్కువ. 2020లో సియోల్‌లో ఒక కాల్ సెంటర్‌లో, ఒకే అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి కోవిడ్ అంటుకుంది, ఎక్కువమంది హాల్లో ఒకే పక్కవాళ్ళు. మీరు 14 మందిని రోజంతా మాట్లాడిస్తూ ఒక గదిలో పెట్టబోతున్నారు. గోడ శ్లాబు దాకా మూసేయమన్నారు కదా పైన, మంచిదే. ఆ గోడ కట్టాక ఆ గదికి సప్లై, రిటర్న్ రెండూ విడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే శబ్దంతో పాటు గాలీ ఆగిపోతుంది.

కోడ్ రివ్యూ (జవాబు)

సీట్ల లెక్క గారి విభజనలో ఒక్క సవరణ. 37ని 19, 18గా కోసేటప్పుడు పేర్ల వరసన కోయొద్దు. దగ్గరగా కూర్చోవడం వల్ల లాభపడేది ముఖ్యంగా కొత్తవాళ్ళు. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద ఎమాన్యుయేల్, హారింగ్టన్, పల్లాయిస్ చేసిన అధ్యయనంలో, టీమంతా ఒకే భవనంలో ఉన్నవాళ్ళ కోడ్‌కి రివ్యూ వ్యాఖ్యలు, అంటే తోటివాళ్ళు ఆ కోడ్ చూసి రాసే సలహాలు, సుమారు ఐదో వంతు ఎక్కువగా వచ్చాయి. అందుకు మూల్యం సీనియర్లది, వాళ్ళు రాసే కోడ్ తగ్గింది. నెలాఖరు లెక్కల్లో ఇది "సీనియర్ల ఉత్పాదకత పడిపోయింది" అని కనిపిస్తుంది. పడిపోలేదు, పక్క సీటుకి వెళ్ళింది. ఈ మాట మీ పైవాళ్ళకి ఇప్పుడే చెప్పి పెట్టండి, తర్వాత చెప్తే సాకు అనుకుంటారు.

కాబట్టి ఎవరి కోడ్ ఎవరు చూస్తారో రిపోజిటరీలోంచి (టీము కోడ్ అంతా దాచే చోటు) మూడు నెలల చరిత్ర తీయండి. ఎక్కువ ఇచ్చిపుచ్చుకునే జంటలు ఒకే సగంలో పడాలి. రెండేళ్ళలోపు అనుభవం ఉన్నవాళ్ళకి రివ్యూ చేసేవాళ్ళు అదే వరసలో, రెండు మూడు సీట్ల లోపు. సీటు ఎవరిదీ కాకపోయినా వరస మాత్రం టీముది. బుకింగ్ యాప్‌లో జోన్ పెడితే చాలు. పూర్తిగా ఎవరెక్కడైనా అంటే, కొత్త కుర్రాడు మొదటి నెలంతా ఫైనాన్స్ వాళ్ళ పక్కన కూర్చుని డౌటు ఎవర్ని అడగాలో తెలీక గడిపేస్తాడు.

లాంజ్‌లో పక్క కంపెనీలవాళ్ళ పరిచయాలు, కొత్త ఆలోచనలు అని బ్రోచర్‌లో ఉంటుంది. అది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో ఒక పెద్ద కోవర్కింగ్ భవనంలో 251 స్టార్టప్‌లను చూసినప్పుడు ఒకరి టెక్నాలజీ ఇంకొకరికి అంటడం నిజంగానే కనిపించింది, అదీ 20 మీటర్ల లోపు. కానీ అవి చిన్న స్టార్టప్‌లు, తెలియనిది పక్కవాళ్ళని అడగక తప్పదు. గాజు వెనక 44 మంది ఉన్న కంపెనీ తనలో తనే మాట్లాడుకుంటుంది. ఆ లాభాన్ని లెక్కలో సున్నా వేసుకోండి, వస్తే రానివ్వండి.

చలానా (జవాబు)

ఖర్చు లెక్క వేసుకోగలనన్నారు గానీ, సీటు ధరని 44తో గుణించి ఆగిపోతారేమోనని ఇది.

మీటింగ్ రూమ్ క్రెడిట్లు నెలకి ఎన్ని, దాటితే గంటకి ఎంత. మిగిలినవి తర్వాతి నెలకి వస్తాయా. సాయంత్రం ఏడు తర్వాత, శనివారం ఏసీకి గంట రేటు ఎంత: సపోర్ట్‌కి రాత్రి షిఫ్టు ఉంటే బిల్లులో ఇదే పెద్ద పద్దు అవుతుంది. ఏటా పెంపు ఎంత శాతం. లాక్-ఇన్ (ఖాళీ చేసి వెళ్ళడానికి వీల్లేని కాలం) ఎన్ని నెలలు, మధ్యలో సీట్లు తగ్గించుకునే వీలుందా. వెళ్ళేటప్పుడు పార్టిషన్ తీసి స్థలాన్ని యథాస్థితికి తెచ్చే ఖర్చు ఎవరిది. జీఎస్టీ 18 శాతం అదనం, మీ అమ్మకాల మీద జీఎస్టీ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఇది అందులో తగ్గించుకోవచ్చు. చిరునామా మారితే పదిహేను రోజుల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ సవరించాలి, షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్‌లో కూడా మార్పించాలి. దానికి భవనం యజమాని నుంచి నిరభ్యంతర పత్రం ఆపరేటరే తెచ్చివ్వాలని రాయించండి, తర్వాత తిప్పుతారు.

నెట్‌వర్క్: మీకు విడి వీలాన్ (ఉమ్మడి నెట్‌వర్క్‌లోనే మీ ఒక్కరికి వేరుచేసిన భాగం), మీ సొంత ఫైర్‌వాల్, మనిషికో లాగిన్. ఫ్లోర్ అంతటికీ ఒకే వైఫై పాస్‌వర్డ్ గోడ మీద అతికించి ఉంటే క్లయింట్ ఆడిట్‌లో మొదటి ప్రశ్న దాని మీదే. ఉమ్మడి ప్రింటర్‌కి ఫైనాన్స్ వాళ్ళు జీతాల పట్టీ పంపకూడదు, ఒక చిన్న ప్రింటర్ లోపలే పెట్టుకోండి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. కోవర్కింగ్‌లో చిక్కేమిటంటే ప్యాంట్రీ, లిఫ్టు, లాంజ్ కూడా పని ప్రదేశంలోకే వస్తాయి, ఎదుటి వ్యక్తి మీ ఉద్యోగి కాకపోవచ్చు. ఫిర్యాదు చేయడానికి చట్టం మూడు నెలలు గడువు ఇస్తుంది. భవనాల్లో సీసీటీవీ రికార్డింగ్ చాలాచోట్ల 30 రోజులకే చెరిగిపోతుంది. రికార్డింగ్ 120 రోజులు ఉంచాలని, కమిటీ అడిగిన మూడు పని దినాల్లో ఇవ్వాలని, అవతలి కంపెనీ కమిటీతో మాట్లాడే బాధ్యత ఆపరేటర్ ఎవరికి అప్పగిస్తారో హోదాతో సహా ఒప్పందంలో రాయించండి.

పైన చెప్పినవన్నీ మాట మీద ఒప్పుకుంటారు. అనుబంధంలో అంకెలుగా ఎక్కించండి: సపోర్ట్ గది గోడ శ్లాబు దాకా, ఫ్రెష్ ఎయిర్ 750 సీఎఫ్ఎం, బూత్‌లు మూడు, లాకర్లు 64, బుధవారం డే పాస్‌లు ఏడు. చేరిన 45 రోజుల్లో ఇవి లేకపోతే లాక్-ఇన్ వర్తించదు అని ఒక వాక్యం. రేటు మీద బేరం ఎంతైనా ఆడతారు, ఈ వాక్యం దగ్గర మాత్రం మేనేజర్‌ని అడిగి చెప్తామంటారు. అడిగి రానివ్వండి, మార్చి దాకా టైముంది.